తుప్పు, సత్యం, జీర్ణోద్ధరణ

పాతబడిన వస్తువును బాగుచేసి నిలుపుకోవడం వివేకమా, వ్యామోహమా అనేది పైకి ఇంటి జమాఖర్చుల ప్రశ్నగా కనిపిస్తుంది. కొత్తది కొంటే ఎంత, పాతది బాగుచేయిస్తే ఎంత అని రెండు అంకెలు పక్కపక్కన వేసి చూస్తే తేలిపోయే విషయమే అనిపిస్తుంది. కాని అంకెలు తేలిన తరువాత కూడా ప్రశ్న మిగిలే ఉంటుంది. కొత్తదాని కంటె ఎక్కువ ఖర్చయినా పాతదాన్ని బాగుచేయించుకునే వారున్నారు. ఖర్చు స్వల్పమే అయినా పాతదాన్ని తాకడానికి ఇష్టపడని వారూ ఉన్నారు. ఇద్దరిలో ఎవరినీ కేవలం లెక్క తెలియనివారిగా కొట్టివేయలేము. వారి నిర్ణయాల వెనుక వస్తువు పట్ల, శ్రమ పట్ల, కాలం పట్ల ఒక్కొక్క దృష్టి ఉంది. ఆ దృష్టిని పరిశీలించడం నీతిశాస్త్రం చేయవలసిన పని.

తెలుగులో ఈ పనికి ముఖ్యంగా మూడు మాటలు ఉన్నాయి. మరమ్మతు అనేది అరబ్బీ మూలం నుంచి పారసీ, ఉర్దూల మీదుగా వచ్చి కచేరీ భాషలో స్థిరపడిన మాట. రోడ్డుకు, కాలువగట్టుకు, ప్రభుత్వ భవనానికి చేసేది మరమ్మతు. జీర్ణోద్ధరణ సంస్కృత పదం. దేవాలయానికి, మంటపానికి, చెరువుకు చేసేది జీర్ణోద్ధరణ. కొత్త గుడి కట్టించడం కంటె శిథిలమైన గుడిని ఉద్ధరించడమే ఎక్కువ పుణ్యమనే భావన సంప్రదాయంలో బలంగా ఉంది. మూడవది అచ్చ తెలుగు మాట, బాగుచేయడం. ఇది అన్నిటికంటె విశాలమైనది. గడియారాన్ని బాగుచేస్తారు, జబ్బుపడిన మనిషిని వైద్యుడు బాగుచేస్తాడు, చెడు తోవ పట్టిన కుర్రవాడిని పెద్దలు బాగుచేస్తారు. యంత్రానికి, దేహానికి, నడవడికి ఒకే క్రియను వాడిన భాష ఆ మూడింటి మధ్య ఏదో బంధుత్వాన్ని గుర్తించిందనే చెప్పాలి. ఆ బంధుత్వం ఎంతవరకు నిజమో పరీక్షించడానికి ఒక పాత బండి చాలు.

ఉదాహరణకు సూరత్‌లో ఉధ్నా ప్రాంతంలో ఒక షెడ్డు ముందు ఏళ్ల తరబడి కదలకుండా నిలిచిపోయిన మెటాడోర్ వ్యానును ఊహించవచ్చు. పూణె సమీపంలోని ఆకుర్డిలో బజాజ్ టెంపో సంస్థ జర్మన్ టెంపో రూపకల్పన ఆధారంగా తయారుచేసిన ఈ వాహనం ఒకప్పుడు దేశమంతటా ఎంతగా తిరిగిందంటే, చాలాచోట్ల వ్యాను అనే మాటకు బదులు మెటాడోర్ అనే పేరే చెల్లింది. ఆ సంస్థ 2005లో ఫోర్స్ మోటార్స్‌గా పేరు మార్చుకుంది. మెటాడోర్ల తయారీ అంతకుముందే ఆగిపోయింది. అటువంటి బండి నేలరేకు తుప్పు తిని, తలుపుల అడుగు అంచులు రాలిపోయి, చక్రాల మీది కమ్ములు చిల్లులు పడి ఉండగా, దాన్ని కొని, బాగుచేయించి, లోపల పడక, పొయ్యి, నీళ్ల తొట్టి అమర్చుకుని దేశం చూడబోతానని ఒక గృహస్థు సంకల్పించాడనుకుంటే, ఇరుగుపొరుగు అతన్ని చూసి నవ్వవచ్చు. ఆ నవ్వు న్యాయమా కాదా అన్నది ఇక్కడి విచారణ.

బిడారు నుంచి బండి దాకా

చక్రాల మీద ఇల్లు అనే ఊహ పాశ్చాత్య దేశాల నుంచి కొత్తగా దిగుమతి అయినదని చాలామంది భావిస్తారు. 1950లో జర్మనీలో ఫోక్స్‌వాగన్ తయారీ మొదలుపెట్టిన వ్యాను ఆ ఊహకు ప్రపంచమంతటా ఒక రూపం ఇచ్చిన మాట నిజమే. 1960, 70 దశకాలలో ఐరోపా యువతీయువకులు అటువంటి బండ్లలో ఇస్తాంబుల్, కాబూల్ మీదుగా ఢిల్లీ దాకా వచ్చారు. కాని ఇల్లునే వెంట తీసుకుపోవడం ఈ దేశానికి కొత్త కాదు. రాజస్థాన్, గుజరాత్ ప్రాంతాలలో తిరిగే గాడియా లోహార్లు తరతరాలుగా బండినే ఇంటిగా చేసుకున్న కమ్మరులు. చిత్తూరుగఢ్ పతనమైన నాడు తమ పూర్వికులు స్థిరనివాసం ఉండబోమని ప్రతిన పూనారని వారి సంప్రదాయం చెబుతుంది. 1955లో జవహర్లాల్ నెహ్రూ వారిని లాంఛనంగా కోటలోకి తీసుకువెళ్లి ఆ ప్రతిన తీరిందని ప్రకటించారు. అయినా ఎన్నో కుటుంబాలు బండిని వదలలేదు. ఊరూరా తిరుగుతూ ఇతరుల ఇనుప పనిముట్లు బాగుచేసే ఈ జాతి సంచార గృహానికి, మరమ్మతుకు గల పురాతన సంబంధానికి సాక్ష్యం.

తెలుగులో బిడారు అనే మాట ఉంది. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని గుంపులుగా సాగిన లంబాడీల ప్రయాణాలు ఆ మాటకు అర్థం కల్పించాయి. మొగలుల కాలంలో పశ్చిమ సముద్రానికి ప్రధాన ద్వారమైన సూరత్‌లో అటువంటి బిడారులెన్నో ఆరంభమయ్యేవి, ముగిసేవి. ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే సూరత్ నుంచి గోల్కొండకు సాగే మార్గాన్ని తన యాత్రాగ్రంథంలో వర్ణించాడు. ఆ గ్రంథం 1676లో వెలువడింది. 1666 జనవరిలో సూరత్ రేవులో దిగిన మరో ఫ్రెంచి యాత్రికుడు తెవెనో కూడా గోల్కొండ రాజ్యం చూసి వెళ్లాడు. ఆ దారుల్లో ఎడ్లబండి ఇరుసు విరిగితే ఆ దరిదాపుల ఊళ్లోని వడ్రంగే దిక్కు. ప్రయాణం అంటే దారి పొడవునా ఇతరుల నేర్పు మీద ఆధారపడడం.

ఆ పాత దారిలోనే ఇరవయ్యో శతాబ్దంలో ప్రయాణం ఎదురు దిశలో సాగింది. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి పద్మశాలీలు మగ్గం గుంటలు విడిచి సూరత్ మరమగ్గాల షెడ్లకు చేరారు. లింబాయత్, ఉధ్నా వంటి పేటలలో తెలుగు వినిపించడం ఇప్పుడు వింత కాదు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడిపింది. అహ్మదాబాద్ నుంచి సూరత్, వరంగల్, విజయవాడల మీదుగా చెన్నై చేరే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వారికి సొంతూరి బండి. విహారం కోసం బండి సిద్ధం చేసుకునే వారి పక్కనే బతుకు కోసం ప్రయాణం చేసినవారు నివసించే నగరం అది. పాత వస్తువును గురించిన నీతి ఈ ఇద్దరికీ వర్తించేదిగా ఉండాలి.

తుప్పు చెప్పే నిజం

ఇనుము ప్రకృతిలో ఎక్కువగా ఖనిజ రూపంలో, అంటే ఆమ్లజనితో కలిసి ఉంటుంది. మనిషి దాన్ని నిప్పుతో విడదీసి లోహంగా చేస్తాడు. తేమ, గాలి తగిలినప్పుడు ఇనుము తిరిగి తన మొదటి స్థితికి పోవాలని చూస్తుంది. ఆ మరలింపు పేరే తుప్పు. కనుక తుప్పు బయటినుంచి వచ్చిన శత్రువు కాదు. లోహాన్ని లోహంగా నిలపడానికి మనిషి చేయవలసిన నిరంతర ప్రయత్నం ఆగిపోయిందనడానికి అది గుర్తు మాత్రమే. అల్యూమినియం మీద ఏర్పడే పొర గట్టిగా అంటుకుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. తుప్పు అలా కాదు, పొడిగా రాలిపోతూ లోపలి ఇనుమును మళ్లీ గాలికి అప్పగిస్తుంది. ఢిల్లీలోని ఇనుప స్తంభం సుమారు 1600 సంవత్సరాలుగా నిలవడానికి ఆ ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉండి రక్షకపొర ఏర్పడడమే ప్రధాన కారణమని లోహశాస్త్రజ్ఞులు నిర్ధారించారు. బండి రేకుకు ఆ అదృష్టం లేదు. అందులోను సముద్రపు ఉప్పుగాలి, తాపీ నది తేమ కలిసిన సూరత్‌లో తుప్పు మరింత వేగంగా సాగుతుంది. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వచ్చిన వరద నగరంలో అధిక భాగాన్ని ముంచినప్పుడు ఎన్నో వాహనాలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. పైకి కడిగితే మెరిసిన బండ్ల లోపలి మడతలలో బురద, తేమ నిలిచిపోతే తుప్పు అక్కడే పుడుతుంది.

తుప్పుకు మరొక గుణం ఉంది. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం పెరుగుతుంది. అందుకే రంగు కింద బుడగలు లేస్తాయి. పైన గోరంత బుడగ కనబడితే లోపల అరచేయంత చిల్లు ఉండవచ్చు. ఇక్కడే మరమ్మతులోని మొదటి నైతిక ప్రశ్న ఎదురవుతుంది. టింకరింగు షెడ్డులో రెండు దారులున్నాయి. మొదటిది, బుడగను గీకి, చిల్లు మీద పుట్టీ మెత్తి, గరుకు కాగితంతో నునుపు చేసి, రంగు కొట్టడం. బండి కొత్తదిలా మెరుస్తుంది. తుప్పు లోపల తన పని తాను చేసుకుపోతుంది. రెండవది, సుత్తితో తట్టి శబ్దం విని, చెడిన రేకును మంచి ఇనుము తగిలే దాకా కోసివేసి, కొత్త రేకు వెల్డు చేసి, ప్రైమరు పూసి, ఆ తరువాతనే రంగుకు పోవడం. అంతటితో ముగియదు. నీళ్లు అక్కడ ఎందుకు నిలిచాయో, తలుపు అడుగున నీరు పోయే రంధ్రం ఎందుకు పూడుకుపోయిందో చూడకపోతే కొత్త రేకు కూడా ఆ దారినే పోతుంది.

మొదటి దారిలో జరిగింది మరమ్మతు కాదు, అసత్యం. అది చూసేవారిని మోసగిస్తుంది, బండి చేతులు మారితే కొన్నవాణ్ణి మోసగిస్తుంది, అన్నిటికంటె ముందు నడిపేవాణ్ణి మోసగిస్తుంది. రెండవ దారిలో మొదటి రోజులన్నీ బండి ఇంకా వికారంగా తయారవుతుంది. చిన్న చిల్లు పెద్దదవుతుంది. బాగుచేయడానికి ముందు చెడుగును పూర్తిగా బయటపెట్టక తప్పదు. యంత్రానికి, దేహానికి, నడవడికి ఒకే క్రియను వాడిన తెలుగు భాష గుర్తించిన బంధుత్వం ఇదే. వ్రణాన్ని కప్పిపుచ్చిన వైద్యుడు రోగిని బాగుచేయలేడు. తప్పును కప్పిపుచ్చిన పెద్దలు పిల్లవాణ్ణి బాగుచేయలేరు. లోపాన్ని దాచిపెట్టిన నివేదిక కార్యాలయాన్ని బాగుచేయదు. ఏ మరమ్మతుకైనా మొదటి పరీక్ష సత్యం.

అదే బండా?

నేలరేకు మారింది, తలుపులు మారాయి, కమానుపట్టీలు మారాయి, ఇంజను కూడా వేరొకటి వచ్చింది. అప్పుడు అది ఆ పాత బండేనా? ప్లూటార్కు చెప్పిన థీసియస్ ఓడ కథ ఈ ప్రశ్ననే వేస్తుంది. పాత పలకలు తీసి కొత్తవి వేస్తూపోతే ఓడ అదేనా కాదా అని తాత్త్వికులు వాదించుకున్నారు. ఇంగ్లీషు తాత్త్వికుడు హాబ్స్ 1655లో దానికి మరొక ముడి వేశాడు. తీసివేసిన పాత పలకలన్నీ ఒకడు పోగుచేసి మరో ఓడ కడితే, రెండింటిలో అసలుది ఏది?

భారతదేశంలో ఈ ప్రశ్నకు ఇంకా ప్రాచీనమైన రూపం ఉంది. యవనరాజు మిళిందుడు తాను రథం మీద వచ్చానని చెప్పగా, నాగసేన భిక్షువు ఇరుసు రథమా, చక్రాలు రథమా, నొగ రథమా అని ఒక్కొక్కటిగా అడిగి, ఏదీ రథం కాదని, అవన్నీ కూడినప్పుడు వ్యవహారం కోసం పెట్టుకున్న పేరే రథమని రాజు చేతనే ఒప్పించాడు. ఈ మిళిందుడి నాణేలు సూరత్‌కు ఉత్తరాన నర్మదా తీరంలోని భరుకచ్ఛ రేవులో, ఆయన కాలం గడిచి చాలాకాలమైన తరువాత కూడా చెలామణిలో ఉన్నాయని క్రీస్తుశకం తొలి శతాబ్దపు గ్రీకు నావికగ్రంథం పెరిప్లస్ పేర్కొంటుంది. రాజు పోయాడు, రాజ్యం పోయింది, నాణెం అరిగింది. మారకం మాత్రం సాగింది. వస్తువు గుర్తింపు దాని పదార్థంలో కాక, దాన్ని నమ్మి వాడుకునే జనుల వ్యవహారంలో ఉందనడానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ దొరకదు.

సూరత్ వడ్రంగుల చరిత్ర కూడా ఈ ప్రశ్నను ఆచరణలో చూపుతుంది. 1736లో సూరత్ నుంచి లవ్‌జీ నస్సర్వాన్‌జీ వాడియా అనే పార్శీ శిల్పి బొంబాయి వెళ్లి నౌకానిర్మాణ వంశానికి మూలపురుషుడయ్యాడు. ఆ వంశీయులు బొంబాయిలో టేకుతో కట్టి 1817లో నీటిలోకి దింపిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవులో ప్రదర్శనగా నిలిచింది. 1990 నుంచి పదేళ్లకు పైగా దాన్ని జీర్ణోద్ధరణ చేశారు. చెడిన కర్ర స్థానంలో కొత్త కర్ర చేరినా దాన్ని ఎవరూ కొత్త ఓడ అనలేదు.

సమాజాలు ఈ సమస్యకు వేర్వేరు సమాధానాలు చెప్పాయి. పూరీలో రథాలకు ఏటేటా కొత్త కర్రే. పదార్థం నిలవదు, రూపం, పేరు, సేవ నిలుస్తాయి. శ్రీశైలం జలాశయంలో మునిగిపోనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విడదీసి అలంపురంలో తిరిగి నిలిపారు. అక్కడ పదార్థం నిలిచింది, స్థలం పోయింది. నదుల సంగమం లేని చోట సంగమేశ్వరుడు వెలిశాడు. అయినా భక్తుడు మొక్కడం మానలేదు. ఏది మారినా మరొకటి ఏదో నిలవాలన్నది ఈ ఉదాహరణల సారాంశం. అన్నీ ఒక్కసారి మారితే అది కొత్త వస్తువు. ఒక్కొక్కటి మారుతూ తక్కినవి దానికి సాక్ష్యంగా నిలిస్తే అది కొనసాగింపు.

చట్టం ఇంత దూరం పోదు. దాని సమాధానం సూటిగా ఉంటుంది: ఛాసిస్ మీద చెక్కిన సంఖ్యే బండి గుర్తింపు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు, తయారీదారు నిర్ణయించిన ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చరాదు. అనుమతించిన మార్పులైనా అధికారి ఆమోదం పొంది పత్రంలో నమోదు కావాలి. సరకు బండిని, ప్రయాణికుల బండిని నివాసపు బండిగా మార్చడం సొంత ఇష్టంతో ముగిసే పని కాదు. నాగసేనుడి దృష్టిలో వ్యవహారం కోసం పెట్టుకున్న పేరు ఏదో, చట్టం దృష్టిలో రిజిస్ట్రేషను సంఖ్య అదే. ఆ పేరును నమ్మి రోడ్డు మీద ఇతరులు నడుస్తున్నారు కాబట్టి దాన్ని ఇష్టం వచ్చినట్లు మార్చే హక్కు ఒక్కడిది కాదు.

వయస్సు, అర్హత

పాత బండి మీద ప్రేమ ఎంత గాఢమైనదైనా, దాని బ్రేకు పట్టకపోతే చచ్చేది ఎదుటివాడు. దాని పొగ పీల్చేది పక్కింటి పసివాడు. ఇంట్లో ఉంచుకునే పాత కుర్చీకి, రోడ్డెక్కే పాత బండికి ఉన్న తేడా ఇది. కనుక మరమ్మతుకు రెండవ పరీక్ష అహింస. ఈ పరీక్షను అమలుపరచవలసిన బాధ్యత ప్రభుత్వానిది. అయితే ఏ కొలతతో?

2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలను, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలను తిరగనివ్వరాదని ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2025 ఆగస్టులో అదే న్యాయస్థానం వయస్సు ఒక్కటే కారణంగా యజమానులపై నిర్బంధ చర్యలు తీసుకోవద్దని మధ్యంతర ఆదేశమిచ్చింది. 2021 ఆగస్టులో గుజరాత్ సదస్సు సందర్భంగా ప్రధానమంత్రి ప్రారంభించిన జాతీయ వాహన తుక్కు విధానం వ్యక్తిగత వాహనాల విషయంలో వయస్సుకు బదులు అర్హతను ప్రధానంగా తీసుకుంది. పరీక్షలో నెగ్గితే బండి నిలుస్తుంది, ఓడితే తుక్కుకు పోతుంది. ప్రభుత్వ వాహనాల విషయంలో మాత్రం 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ల పరిమితి కచ్చితంగా అమలులోకి వచ్చింది.

వయస్సు నేరం కాదు, అలక్ష్యం నేరం అన్నది న్యాయంగా తోస్తుంది. చక్కగా పోషించిన ఇరవై ఏళ్ల బండి కంటె అలక్ష్యానికి గురైన అయిదేళ్ల బండి ప్రమాదకరం కావచ్చు. అయితే వయస్సు నియమానికి కూడా ఒక సమర్థన ఉంది. పుట్టిన తేదీని లంచమిచ్చి మార్చడం కష్టం. అర్హత పత్రం అంత కష్టం కాకపోవచ్చు. పరీక్షించేవాడి నిజాయితీ మీద నమ్మకం సన్నగిల్లిన సమాజమే వయస్సు నియమాన్ని ఆశ్రయిస్తుంది. ఆ నియమం పాత బండ్ల మీద తీర్పు కంటె పరీక్షా వ్యవస్థ మీద తీర్పు. యంత్రాలతో నడిచే పరీక్షా కేంద్రాలను 2021 విధానంలో చేర్చడానికి కారణం ఇదే. కాని యంత్రాన్ని సరిచూసేది కూడా మనిషే. ఆ మనిషి నిలబడితే వేలాది మంచి బండ్లు నిలుస్తాయి. అతడు కూలితే మంచి చెడు కలిసి తుక్కు కుప్పలో చేరతాయి. టింకరింగు షెడ్డులోని పుట్టీకి, తనిఖీ చేయకుండా వేసిన సంతకానికి నైతికంగా తేడా లేదు.

విడవడంలోని ధర్మం

కొన్ని బండ్లు బాగుపడవు. ఛాసిస్ దూలాలే తుప్పు తిన్నప్పుడు పైన ఎంత పని చేసినా అది శవాలంకారం. భగవద్గీత రెండవ అధ్యాయంలోని జీర్ణవస్త్రపు ఉపమానం తెలిసిన సమాజానికి ఈ మాట కొత్త కాదు. నిలపగలిగినదాన్ని విడవడం ఎంత తప్పో, విడవవలసినదాన్ని పట్టుకు వేలాడడం అంత తప్పు. జైన ధర్మం, గాంధీ మార్గం రెండూ బలంగా నాటుకున్న గుజరాత్‌లో అపరిగ్రహం అనే విలువను విస్మరించి ఈ చర్చ సాగదు. పాత వస్తువులను పెరట్లో పేర్చుకోవడం పొదుపు కాదు, పరిగ్రహమే. బాగుచేసి వాడుకునేవాడు ఒక కొత్త వస్తువు అవసరాన్ని తగ్గిస్తాడు. ఎప్పుడో బాగుచేస్తానని దాచుకునేవాడు కేవలం ఆశను పోగుచేసుకుంటాడు.

విడవడానికి కూడా ఒక పద్ధతి ఉంది. సూరత్‌కు ఎదురుగా ఖంభాత్ సింధుశాఖ ఆవలి ఒడ్డున భావ్‌నగర్ జిల్లాలో అలంగ్ ఉంది. 1983 నుంచి ప్రపంచపు ముసలి ఓడలెన్నో అక్కడి ఇసుకలో అంతిమయాత్ర ముగించాయి. వాటి ఉక్కు కరిగి మళ్లీ కడ్డీలయింది. వాటి మంచాలు, తలుపులు, అద్దాలు, చేతులు కడుక్కునే పళ్లేలు అలంగ్ రోడ్డు పొడవునా దుకాణాలలో అమ్ముడుపోయాయి. 2020 నవంబరులో ఘోఘా, హజీరా రేవుల మధ్య పడవ సేవ మొదలైన తరువాత ఆ ఒడ్డు సూరత్‌కు మరింత దగ్గరయింది. సముద్రాలు తిరిగిన ఓడగదిలోని పడక ఒక పాత వ్యానులో చేరి రోడ్డు మీద తిరగడం అసంభవమేమీ కాదు. అయితే ఆ ఓడలను విప్పిన చేతులు ఎన్నో గాయపడ్డాయి, కొన్ని ప్రాణాలే పోయాయి. అందుకే 2019లో భారతదేశం ఓడల పునర్వినియోగ చట్టం చేసింది. 2025 జూన్ 26న హాంగ్‌కాంగ్ ఒప్పందం అంతర్జాతీయంగా అమలులోకి వచ్చింది. వస్తువుకు అంత్యక్రియలు చేసేవాడి ప్రాణానికి విలువనివ్వని సమాజం ఆ వస్తువును ధర్మంగా విడిచిందని చెప్పలేము. ముఖానికి కట్టు లేకుండా తుప్పు గీకే షెడ్డు కుర్రవాడి విషయంలోను ఇదే న్యాయం.

నేతగాడి ప్రశ్న

ఈ వాదనకు సూరత్ నుంచే ఒక గట్టి ఆక్షేపణ వస్తుంది. కృత్రిమ పట్టుచీరలకు ఆ నగరం పెట్టింది పేరు. చీర త్వరగా పాతబడి మరొకటి కొనబడితేనే మగ్గం ఆడుతుంది. అందరూ చిరుగును రఫూ చేయించుకుంటూ కూర్చుంటే లింబాయత్ నేతగాడి పొయ్యి మీద ఎసరు ఎలా మరుగుతుంది? పాతదాన్ని బాగుచేసుకోమని బోధించడం, అన్నీ ఉన్నవాడు ఏమీ లేనివాడి కూలి మీద చేసే దెబ్బ కాదా?

ఈ ప్రశ్నను తేలికగా తీసుకోరాదు. దీనికి సమాధానం ఆ షెడ్డులోనే ఉంది. మరమగ్గాల షెడ్డులో నేతగాడితో పాటు జాబర్ ఉంటాడు. మగ్గం చప్పుడులో తేడా విని ఎక్కడ ఏది సడలిందో చెప్పగలవాడు అతడు. పాత మగ్గాలను నడిపించేది అతని చెవి. మగ్గాన్ని ఎవరూ ఏటా మార్చరు. దాన్ని బాగుచేస్తూనే కొత్త బట్ట నేస్తారు. కొత్తదనాన్ని అమ్మే పరిశ్రమ కూడా లోపల మరమ్మతు మీదనే నిలిచి ఉంది. తయారీ పని ఒక చోట పోగుపడుతుంది, మరమ్మతు పని వీధివీధికీ విస్తరిస్తుంది. తయారీకి పెద్ద పెట్టుబడి కావాలి, మరమ్మతుకు నేర్పు కావాలి. ఆ నేర్పుకు తగిన కూలి, గౌరవం దక్కితే మరమ్మతు సమాజంలో పని తగ్గదు, పని స్వరూపం మారుతుంది. ఆ కూలి, ఆ గౌరవం దక్కడం లేదన్నదే అసలు అన్యాయం.

నేర్పు ఉన్నా తలుపు మూసే తయారీదారులున్నారు. విడిభాగం ఇవ్వరు, చిత్రపటం ఇవ్వరు, విప్పితే హామీ చెల్లదంటారు. మరమ్మతు హక్కు అనే భావన ఇందుకే పుట్టింది. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దీనిపై ఒక సంఘాన్ని నియమించింది. వ్యవసాయ పరికరాలు, ఎలక్ట్రానిక్ వస్తువులు, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధిలోకి వచ్చాయి. బజాజ్ టెంపో కాలపు బండిని మూలనున్న షెడ్డులో విప్పి బిగించగలగడం ఒక స్వేచ్ఛ. కొన్నవాడు పూర్తి యజమాని కావడం ఆ స్వేచ్ఛతోనే.

ప్రారంభోత్సవం లేని పని

మరమ్మతుకు రావలసిన గౌరవం రాకపోవడానికి ఒక కారణముంది. కొత్త నిర్మాణానికి శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. మురుగుకాలువ పూడిక తీసినందుకు ఎవరూ రిబ్బను కత్తిరించరు. సరిగా జరిగిన మరమ్మతు కంటికి కనబడదు. జరగనప్పుడే దాని విలువ తెలుస్తుంది. సూరత్‌కు ఆ విలువ 1994 సెప్టెంబరులో తెలిసింది. ప్లేగు వార్త వెలువడగానే లక్షలాది మంది నగరం విడిచి పారిపోయారు. వలస కార్మికులతో రైళ్లు కిక్కిరిసిపోయాయి. ఏళ్ల తరబడి పేరుకుపోయిన చెత్త, మురుగు అప్పుడు దేశమంతటి కంటా పడ్డాయి.

1995లో నగరపాలక సంస్థ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు కొత్త నగరం కట్టలేదు. అవే వీధులు, అవే కాలువలు, అవే ఉద్యోగులు. మండలాల అధికారులకు తన అధికారాలు పంచి ఇచ్చి, చల్లని గదులలో కూర్చునే అధికారులను ప్రతి ఉదయం వీధులలోకి పంపించారు. రోజువారీ పనే పరిపాలన అన్నది ఆయన విధానం. 1996లో ఇంటాక్ సంస్థ సూరత్‌ను చండీగఢ్ తరువాత దేశంలో రెండవ పరిశుభ్ర నగరంగా గుర్తించింది. రెండేళ్ల వ్యవధిలో జరిగిన ఈ మార్పులో గీకి చూడడం ఉంది, కారణం వెదకడం ఉంది, మర్నాడు మళ్లీ అదే పని చేయడం ఉంది. తుప్పుతో చేసే పోరాటంలో తుది విజయం లేదు, ఎడతెగని జాగ్రత్త మాత్రమే ఉంది. నగరమైనా, సంస్థ అయినా, బండి అయినా ఇందుకు మినహాయింపు కాదు.

ఆ పాత మెటాడోర్‌ను బాగుచేయించదలచిన గృహస్థును చూసి నవ్వాలా వద్దా అన్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పవచ్చు. అతడు చిల్లును పుట్టీతో కప్పకపోతే, పరీక్షకు తలవంచి ఇతరుల ప్రాణానికి జవాబుదారీగా ఉంటే, షెడ్డులో పనిచేసిన చేతులకు తగిన కూలి, రక్షణ ఇస్తే, దూలం చెడిందని తేలిన నాడు బండిని విడవడానికి సిద్ధపడితే, అతడు చేస్తున్నది జీర్ణోద్ధరణే. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా అతని బండి ఎంత మెరిసినా అది వ్యామోహమే. రైలులో వరంగల్ చేరే నేతగాడు, సొంత బండిలో దేశం చూడబోయే గృహస్థు ఇద్దరూ ఎవరో ఎక్కడో బిగించిన మరచీలను నమ్మే ప్రయాణం చేస్తారు. కనబడని ఆ చేతుల నిజాయితీయే దారిలో ఇద్దరికీ రక్ష.